పెద్దల్లుడు రోజుకి రెండుసార్లు

మార్చి 3, సోమవారం

నర్సమ్మ ఇచ్చిన నీలం అట్ట పుస్తకంలో ఇవాళ్టి పేజీ నింపేశాను. "మోషన్లు: రెండు. నీరసం: కొద్దిగా. కీళ్ళ నొప్పులు: కొద్దిగా. నిద్ర: బాగానే." చదువుకుంటే నాకే ముచ్చటేసింది. అందులో ఉన్నావిడెవరో గానీ ఎంత ఆరోగ్యంగా ఉందో!

అది నెలనెలా ఆసుపత్రికి పట్టుకెళ్ళి చూపించాల్సిన పుస్తకం. ఇది వేరే. మా డ్రైవింగ్ స్కూలు వాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ. దీన్ని ఎవరికీ చూపించను కాబట్టి ఇందులో నిజమే రాస్తాను.

ఇవాళ ఏడుసార్లు.

రొమ్ము తీసేసిన ఆపరేషన్ అయింది. జుట్టు ఊడగొట్టే మందు అయింది. కరెంటు పెట్టడం అయింది. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, అదీ నన్నొక మాట అడక్కుండా ఉంగరాలు తిరిగి. "ఇంకేం, గండం గడిచింది" అంటున్నారు చూసినవాళ్ళంతా. నేనూ తలూపుతున్నాను. గండం గడిచింది, మాత్రలు మిగిలాయి. పెద్ద మాత్ర పొద్దున ఎనిమిదికొకటి, సాయంత్రం ఎనిమిదికొకటి, రెండేళ్ళు. జబ్బు మళ్ళీ తలెత్తకుండా ఆ కణాల గొంతు మాత్రమే పట్టుకుంటుందట. "గురి చూసి కొట్టే మందమ్మా" అన్నారు డాక్టరుగారు. గురి మంచిదే కావచ్చు. దారిలో నా పొట్ట కూడా ఉన్నట్టుంది. ఇక చిన్న మాత్ర రోజుకొకటి, ఐదేళ్ళకి తక్కువ కాకుండా. దాని కళ్ళు నా మోకాళ్ళ మీద పడ్డాయి.

కూతురు లేకుండానే నాకు ఇద్దరు అల్లుళ్ళొచ్చారు. పెద్దల్లుడు, చిన్నల్లుడు. వేళకి మర్యాద జరగాలి. ఎంత సతాయించినా "మా అల్లుడు బంగారం" అనాలి. వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. ఎనిమిది నెలలైంది వీళ్ళ రాకపోకలు మొదలై.

మార్చి 4, మంగళవారం

మంచం దిగడానికి పావుగంట పట్టింది. వేళ్ళు ముడుచుకుపోయి, మడమలు బిగిసిపోయి, తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంటూ లేచాను. మా ఆయన లిఫ్టు మెకానిక్. నా నడక చూసి "గ్రీజు పెట్టమంటావా?" అన్నారు. "మీ నోటికి పెట్టుకోండి, కాస్త మెత్తబడుతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ మధ్య మా ఇద్దరికీ మహా నవ్వొస్తోంది. ఏ మాటా పూర్తవ్వనివ్వం, మధ్యలోనే నవ్వేస్తాం.

పదింటికి మేష్టారికి నేను డ్రైవింగ్ నేర్పే క్లాసు. మంగళవారం, గురువారం ఆయనవి. లెక్కల మేష్టారుగా రిటైరై నాలుగేళ్ళయింది. నలభై ఏళ్ళూ కారు వాళ్ళావిడ నడిపింది, ఈయన పక్కన కూచుని పేపరు చదివారు. ఇప్పుడావిడకి చూపు మందగించింది. "ఇక నా వంతమ్మా" అంటూ అరవై నాలుగో ఏట వచ్చి చేరారు. పరీక్ష రెండుసార్లు తప్పారు. మొదటిసారి పచ్చలైటు దగ్గర కారు ఆపినందుకు. "ఎర్రగా మారే అవకాశం ఉంది కదమ్మా" అని నాకు సంజాయిషీ. రెండోసారి స్పీడు ముల్లు ఇరవై దాటనందుకు.

గంట క్లాసులో మూడుసార్లు ఆపించాను. ఈ ఊళ్ళో నాకు తెలిసిన బాత్రూములు లైబ్రరీలో ఒకటి, ఫర్నిచర్ షాపులో ఒకటి, పెట్రోలు బంకులో ఒకటి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఆ మూడు వీధుల్లోనే ఆరితేరిపోతున్నారు. ఫర్నిచర్ షాపతను నేను రోజూ ఒకే మంచాన్ని చూసిపోతున్నానని దాన్ని ఇంకెవరికీ చూపించట్లేదట.

"మేష్టారూ, ఎడమకి తీసి ఆపండి. అద్దాలు సర్దుకోండి, ఇప్పుడే వస్తాను."

"పది నిమిషాల క్రితమే సర్దుకున్నాం కదమ్మా."

"మళ్ళీ సర్దుకోండి. అద్దాలే ప్రాణం."

పాపం, సర్దుకున్నారు. అద్దాలు సర్దడంలో ఈ ఊళ్ళో మేష్టారిని మించినవాళ్ళు లేరు.

నీలం పుస్తకంలో: రెండు.

మార్చి 6, గురువారం

నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున పెద్దల్లుడికి మర్యాద చేయడం మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోతాం.

క్లాసు బ్రహ్మాండంగా జరిగింది. ఎక్కడా ఆగలేదు. కొత్త వీధులు కూడా చూశాం. "మన ఊరు ఇంత పెద్దదా అమ్మా!" అని మేష్టారు ఆశ్చర్యపోయారు.

మార్చి 9, ఆదివారం

వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, దర్జీ, రెండు వీధుల అవతల ఉంటుంది. తలుపు తీయగానే నన్ను పైనుంచి కిందికి కొలిచింది. ఆవిడ చూపే టేపు.

"నాలుగు వేళ్ళు తగ్గావు. తింటున్నావా, పారబోస్తున్నావా?"

"రెండూ ఒకటే అయిపోయాయి వదినా."

మాటల మధ్యలో నాకు ఆవిరొచ్చింది. చిన్నల్లుడి వరం. ఉన్నట్టుండి గుండెల దగ్గర్నుంచి మొహం దాకా భగ్గుమంటుంది, ఒళ్ళంతా చెమట. లేచి కిటికీలన్నీ బార్లా తెరిచాను. బయట చలిగాలి, మా ఊళ్ళో మార్చి దాటినా తగ్గదు. మా ఆయన వెళ్ళి మఫ్లర్ కట్టుకుని వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూచున్నారు.

"నీ ఒంట్లో పొయ్యి ఎవరు వెలిగించారే?" అంది వదిన.

"మీ తమ్ముడికి అంత ఓపికెక్కడిది? మాత్రే."

వదిన పడిపడి నవ్వింది. తర్వాత సంచీలోంచి కొత్త లోదుస్తులు తీసింది. ఆపరేషనైన ఎడమవైపుకి లోపల దూది మెత్తలు పెట్టి ఆవిడే కుడుతుంది. ఇవి మూడో జత.

"నిజం చెప్పు, కుడిదానికంటే ఎడమదే అందంగా కుదిరింది కదూ? దేవుడికి కొలతలు తెలీవు, నాకు తెలుసు."

ఆవిడ వెళ్ళాక చూసుకున్నాను. నిజమే. ఎడమదే బాగుంది.

మార్చి 11, మంగళవారం

మర్చిపోయాను. క్లాసు బాగుంది.

మార్చి 13, గురువారం

మర్చిపోయాను. నిన్న సాయంత్రంది కూడా. వయసవుతోంది.

సోమ, బుధవారాల పొద్దుటివి మాత్రం చక్కగా గుర్తుంటున్నాయి. ఆ రోజుల్లో ఆఫీసులో కూచుని ఫారాలు నింపే పనే, బాత్రూమ్ పక్కనే.

మార్చి 15, శనివారం

నెల పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళాను. నెత్తురు తీశారు. మా నర్సమ్మకి పాతికేళ్ళుంటాయేమో, నన్ను "అమ్మా" అంటుంది గానీ పెత్తనం చేస్తే మా అమ్మే దిగొచ్చినట్టుంటుంది. నీలం పుస్తకం ఒక్కో పేజీ తిప్పింది.

"రోజుకి రెండే! మొదట్లో ఎంత బాధపడ్డారు! ఇప్పుడు అలవాటైనట్టుందే."

"అయినట్టే ఉంది."

"ఒక్కటీ తప్పకుండా వేసుకుంటున్నారు కదా?"

"వేళకి."

"మీలాంటివాళ్ళు పదిమందుంటే మా పని ఎంత హాయి అమ్మా!" అని నా చెయ్యి నొక్కింది. తలొంచుకుని చెప్పుల వంక చూస్తూ కూచున్నాను.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే మాత్ర తగ్గిస్తారు. మొదటి నెలలో డాక్టరుగారే అన్నారు, "మరీ తట్టుకోలేకపోతే మోతాదు తగ్గిద్దాం" అని. తగ్గిస్తే జబ్బుకి సందు దొరకదూ? అందుకని తగ్గించనివ్వకూడదు. తగ్గించనివ్వకూడదు కాబట్టి బాధ చెప్పకూడదు. చెప్పకుండా ఉండాలంటే క్లాసులు సాగాలి. క్లాసులు సాగాలంటే ఆ రోజుల్లో మాత్ర మానాలి.

ఈ లెక్క మేష్టారికి చూపిస్తే బెత్తం తీస్తారు. రేపు తీరిగ్గా ఆలోచిస్తాను.

మార్చి 16, ఆదివారం

ఆలోచించలేదు. బట్టలు ఉతకడం ఉంది.

మార్చి 20, గురువారం

ఈ వారం వరసగా నాలుగు రోజులు. మర్చిపోయాను అని ఇంకెన్నిసార్లు రాయను? చెయ్యి నొప్పెడుతోంది.

కానీ ఎంత బాగుంది! నిన్న మా ఆయనా నేనూ బజారంతా తిరిగాం. ఒక్క బాత్రూమ్ గుమ్మం తొక్కలేదు. దారిలో కనిపించిందల్లా తిన్నాను. మా ఆయన నా పక్కన నడుస్తూ ఏదో అనబోయి ఊరుకున్నారు. "ఏంటి?" అంటే "ఏం లేదు, మొహం కళగా ఉంది" అన్నారు. కళ గురించి చెప్పేటప్పుడు మొహం అంత దిగులుగా పెట్టుకుంటారా ఎవరైనా?

స్కూలు ఓనరు పిలిచి, మేష్టారి మూడో పరీక్ష పెద్దరోడ్డు మీద కూడా ఉంటుందనీ, మంగళవారం తప్పకుండా అటు తీసుకెళ్ళాలనీ చెప్పాడు. ఊరు దాటాక పెద్దరోడ్డు. ఆరు కిలోమీటర్లు గోడౌన్లే తప్ప ఇంకేం ఉండవు. నెలలుగా ఏదో వంక పెట్టి తప్పించుకుంటున్నాను. ఇప్పుడు నాకేం భయం? "సరే" అన్నాను.

మార్చి 22, శనివారం

స్నానం చేస్తుంటే ఎడమ చంకలో చేతికి తగిలింది.

బఠాణీ గింజంత.

మార్చి 23, ఆదివారం

ఉంది. ఇవాళా ఉంది. గంటకోసారి చూస్తున్నాను. మా ఆయన "చంకలో ఏం దాచావు?" అని వేళాకోళం చేశారు. నవ్వాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే "మాత్రలు వేళకి వేసుకుంటున్నావా" అని అడుగుతారు.

డబ్బాలో మిగిలిపోయినవి లెక్కపెట్టాను. పదిహేడు. పదిహేడుసార్లు మర్చిపోయే మనిషినైతే ఈపాటికి ఇంటి దారి కూడా మర్చిపోయేదాన్ని. మర్చిపోలేదు. ఒక్కటీ మర్చిపోలేదు. ఎనిమిది కొట్టగానే డబ్బా ముందు నుంచుని, చూసి, మూత పెట్టేశాను. ప్రతిసారీ.

ఇవాళ సాయంత్రం నుంచి పూటకి రెండేసి వేసుకుంటాను. బాకీ తీర్చేయాలి.

మార్చి 24, సోమవారం

పొద్దున రెండు, సాయంత్రం రెండు. లెక్కపెట్టడం మానేశాను, బాత్రూమ్‌లోనే కాపురం. నీలం పుస్తకంలో రెండు అనే రాశాను. మాత్రలు రెండు కదా, మరీ అబద్ధం కాదు.

రేపు పెద్దరోడ్డు.

మార్చి 27, గురువారం

ఆసుపత్రి మంచం మీద కూచుని రాస్తున్నాను. చేతికి సెలైన్ గొట్టం ఉంది, అక్షరాలు వంకర్లు పోతున్నాయి.

మంగళవారం పొద్దున కూడా రెండు వేసుకున్నాను. మోషన్లు ఆపే మాత్ర ఒకటి వేసుకుని, ఏమీ తినకుండా, నీళ్ళు కూడా తాగకుండా బయల్దేరాను. లోపల ఏమీ లేకపోతే బయటికేం వస్తుందని నా తెలివి.

మేష్టారు ఆ రోజు కొత్త కళ్ళజోడు పెట్టుకొచ్చారు. పెద్దరోడ్డు ఎక్కగానే స్టీరింగుని పారిపోతుందేమో అన్నట్టు పట్టుకున్నారు. లారీలు మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోతున్నాయి.

"ముప్పై మీద ఉన్నాం అమ్మా. చాలా?"

"ఇక్కడ అరవై మీద వెళ్ళాలి మేష్టారూ."

"నా వయసు కన్నా నాలుగే తక్కువ" అని ఆయన నవ్వారు.

మూడో కిలోమీటరు దాటాక పొట్టలో మెలిపెట్టింది. దానికి నేను సిద్ధమే. చెవుల్లో హోరు మొదలవడానికి మాత్రం సిద్ధంగా లేను. చెమటలు పోసి ఒళ్ళు చల్లబడింది. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే నేను తొక్కడానికి. పాతికేళ్ళుగా నా కుడికాలు దాని మీద నుంచి కదిలింది లేదు. కాలుంది గానీ దాన్ని నేను మోపలేకపోతున్నాను.

"అమ్మా, ఎదర లారీ ఆగుతోంది. దాటనా, వెనకే ఆగనా?"

నోరు పిడచకట్టుకుపోయింది.

"అమ్మా?"

"మేష్టారూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నా కాలు బ్రేకు మీద లేదు. కారు మొత్తం మీదే."

"మొత్తమా?"

"మొత్తం."

ఆయన అద్దంలో చూశారు, పక్క అద్దంలో చూశారు, ఇండికేటర్ వేశారు, లారీని దాటారు. నాలుగో గేరు ఎక్కడుంటుందో ఆయనకి తెలుసని అప్పటిదాకా నాకు తెలీదు. కారు దూసుకుపోయి ఒక టైర్ల గోడౌన్ గేటు ముందు ఆగింది. ఆయన దిగి "బాత్రూమ్ ఎక్కడ?" అని ఒక్క కేక పెట్టారు. ఆ గొంతుకి ముప్పై అయిదేళ్ళు పిల్లలు ఎలా వణికుంటారో అర్థమైంది. వాచ్‌మన్ పరిగెత్తి తాళం తీశాడు.

వెళ్ళాను గానీ, వేళకి కాదు. అంతే.

కాదు, ఇందులో నిజమే రాస్తానన్నాను. కార్లో సీటు పాడైంది. బట్టలు పాడయ్యాయి. ఆ బాత్రూమ్ గోడ పట్టుకుని యాభై మూడేళ్ళ మనిషిని వెక్కివెక్కి ఏడ్చాను.

బయటినుంచి మేష్టారి గొంతు. "అమ్మా, నా స్వెట్టరు గొళ్ళేనికి తగిలించాను. నడుముకి చుట్టుకోండి. నేను అటు తిరిగి నుంచున్నాను."

"సీటు... మేష్టారూ..."

"సీటుదేముందమ్మా, కడిగితే పోతుంది. ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పాను. పరీక్షరోజు ఎన్ని బెంచీలు కడిగించానో మీకేం తెలుసు?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. అలా నవ్వుతూనే అక్కడే కూలబడిపోయాను. ఆయనా వాచ్‌మనూ చెరో రెక్క పట్టుకుని కార్లో కూచోబెట్టారు.

"ఇంటికి పోనివ్వండి మేష్టారూ."

"ఇంటికి కాదు, ఆసుపత్రికి. ఇన్నాళ్ళూ ఈ కార్లో మీరు చెప్పింది విన్నాను. ఇవాళ్టికి నేను చెప్పింది మీరు వినండి."

విన్నాను. ఒకసారి కళ్ళు తెరిచి చూస్తే ముల్లు డెబ్బై మీద ఉంది. "మేష్టారూ, నెమ్మది" అన్నాను. ఆయనతో ఆ మాట అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మార్చి 28, శుక్రవారం

నిన్న రాయగా మిగిలింది.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన పని బట్టల్తోనే వచ్చారు, మోచేతుల దాకా గ్రీజు. ముట్టుకుంటే దుప్పటి మాసిపోతుందని మంచానికి జానెడు దూరంలో చేతులు గాల్లో పెట్టుకుని నుంచున్నారు.

నర్సమ్మ వచ్చింది. "ఎన్నిసార్లు అయ్యాయి?"

"రెండు" అన్నాను. అలవాటు!

ఆ అమ్మాయి రెండో సెలైన్ సీసా వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. ఇక దాచలేకపోయాను. చేతిసంచీలోంచి ఈ డైరీ తీసి ఇచ్చేశాను. ఎవరికీ చూపించనని రాసుకున్న డైరీ. కిటికీ దగ్గర నుంచుని మొత్తం చదివింది. మధ్యలో ఒకచోట కిసుక్కుమంది.

"ఎక్కడ నవ్వావు?"

"అల్లుళ్ళ దగ్గర" అంది. తర్వాత నవ్వలేదు. చదవడం అయ్యాక కళ్ళు తుడుచుకుని, ఒక్క ఊపున దులిపేసింది. "తప్పిన మాత్ర తప్పిపోయినట్టే. దాని బదులు ఇంకోటి వేసుకోకూడదని ఎన్నిసార్లు చెప్పానమ్మా! ఇంకో రోజు ఇలాగే వేసుకునుంటే కిడ్నీలు ఏమయ్యేవి? 'మీలాంటివాళ్ళు పదిమంది' అన్నాను చూడండి, నన్ను కొట్టాలి. మీలాంటివాళ్ళు ఒక్కరు చాలు!"

తిట్లు ఇంత హాయిగా ఉంటాయని తెలీదు.

డాక్టరుగారు వచ్చి చంకలో గింజని వేళ్ళతో నొక్కి చూశారు. ఆయన వేళ్ళు కదిలినంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు. మా ఆయనకి ఆ గింజ సంగతి అప్పుడే తెలిసింది. ఆయనా తీసుకున్నట్టు లేదు. స్కాన్ కూడా చేయించారు. సాయంత్రం దాకా ఆగాం.

సెగ గడ్డ. ఒట్టి సెగ గడ్డ. ఆవిర్లకి చెమట పట్టి, చెమటకి వచ్చిన కురుపు.

"తగ్గించి వేసుకుంటే పని చేయదని మీకెవరు చెప్పారు?" అని అడిగారు డాక్టరుగారు.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే అనుకున్నాను."

"తట్టుకోలేనివాళ్ళకి తగ్గించి ఇవ్వడం కొత్తేం కాదమ్మా, దానికి పద్ధతుంది. ఒంట్లోకి రోజూ వెళ్ళే చిన్న మోతాదు మేలా, డబ్బాలో కూచునే పెద్ద మోతాదు మేలా? మీరు నిజం చెప్తేనే కదా నేను వైద్యం చేసేది. ఇన్నాళ్ళూ నేను ఆ నీలం పుస్తకంలో ఆవిడకి చేస్తున్నాను."

పన్నెండు రోజులు ఆపి, తర్వాత తక్కువ మోతాదుతో మొదలుపెడతారట.

ఆయన వెళ్ళిపోయాక మా ఆయన చేతులు కడుక్కొచ్చి పక్కన కూచున్నారు.

"డబ్బాలో మాత్రలు మిగిలిపోవడం నేను చూశాను" అన్నారు.

"ఎప్పుడు?"

"మొదటి వారంలోనే."

"మరి అడగలేదేం?"

చాలాసేపు గోరుకింద మిగిలిన గ్రీజు గీక్కున్నారు. "అడిగితే నిజం చెప్తావేమోనని."

ఈసారి మాకు నవ్వు రాలేదు.

మార్చి 29, శనివారం

ఇంటికొచ్చాను. వదిన వచ్చింది. ఇల్లు సర్దింది, బట్టలు మడతపెట్టింది, వంట చేసింది, వెళ్ళిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు. వదిన మాట్లాడకపోవడం నా ఎరికలో ఇదే మొదటిసారి. ఆసుపత్రిలో పొడిచిన సూదులు నయం.

మార్చి 30, ఆదివారం

పొద్దున్నే వచ్చి గుమ్మంలో నుంచునే మొదలెట్టింది. "నాకు చెప్పకుండా చచ్చిపోదామనుకున్నావా? చచ్చిపో. నీ ఒంటికని కొలిచి కుట్టినవన్నీ ఎవరు వేసుకుంటారే? నీలాంటి ఎగుడుదిగుడు ఒళ్ళు నాకింకెక్కడ దొరుకుతుంది?"

"క్షమించండి వదినా."

"క్షమించను. మెత్తలు పట్టుకొచ్చాను. కార్లో సీటు మీద పరుచుకోవడానికి. లోపల తడి దిగని బట్ట వేసి కుట్టాను. చూసినవాళ్ళకి మామూలు దిండులాగే ఉంటుంది." బల్ల మీద పెట్టింది. నాలుగు. అంచులకి చిన్న పూలు కూడా కుట్టింది.

"పూలెందుకు వదినా?"

"అడగొద్దు" అంది. అని నన్ను కావలించుకుని, ఎడమవైపు మెత్త నలిగిపోతోందని మళ్ళీ తిట్టింది.

ఏప్రిల్ 7, సోమవారం

పెద్దల్లుడు మళ్ళీ వచ్చాడు. కాస్త చిక్కి, నెమ్మదించి.

ఏప్రిల్ 11, శుక్రవారం

నాలుగుసార్లు. నీలం పుస్తకంలో కూడా నాలుగే రాశాను. రాసేముందు అటూ ఇటూ చూశాను, మొదటిసారి దొంగతనం చేస్తున్నట్టు.

మొదటి మోషన్‌కే ఆపే మాత్ర వేసుకోవాలట, ఐదోదాకా మొండికేయకుండా. ఏం తింటే ఎక్కువవుతోందో రాయాలట. నీరసం పోలేదు. మోకాళ్ళూ అంతే. చిన్నల్లుడిని ఎవరూ ఏమీ అనలేదు మరి.

ఓనరుకి కూడా చెప్పేశాను. గంట క్లాసు మధ్యలో పది నిమిషాలు విరామం పెట్టుకోమన్నాడు. "అప్పుడే చెప్పుంటే పోయేది కదండీ, నేర్చుకునేవాళ్ళు కూడా సంతోషిస్తారు" అన్నాడు. ఇంత తేలికా! ఒళ్ళు మండిపోయింది.

ఏప్రిల్ 17, గురువారం

మేష్టారి మూడో పరీక్ష. వాళ్ళావిడ కూడా వచ్చారు, నల్ల కళ్ళద్దాలు, చేతికర్ర. ఇద్దరం బెంచీ మీద కూచున్నాం. "మా ఆయన స్వెట్టరు మీ దగ్గరుండిపోయిందట కదా" అన్నారావిడ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంతవరకు చెప్పారో ఏమో.

"రోడ్డు మీద మీకు చలేసిందని ఇచ్చానన్నారు. ఉంచుకోండి. ఆ రంగు నాకెప్పుడూ నచ్చలేదు. ఈ చూపుతో కూడా కనిపించేది, అంత ముదురు రంగు."

మేష్టారు కారు దిగి వచ్చారు. నడక చూస్తే కప్పు గెలిచినట్టుంది.

"ఏమైంది మేష్టారూ?"

"ఫెయిల్."

"అయ్యో!"

"ఎందుకో అడగండి." ఆయన గొంతు సవరించుకుని, వాళ్ళావిడ వైపు తిరిగి, ఒక్కో మాటా ఒత్తి పలికారు. "వేగం ఎక్కువైనందుకు."

ఆవిడ చేతికర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వారు. నాలుగో పరీక్షకి మేష్టారూ నేనూ అక్కడే తారీఖు రాయించుకున్నాం.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇవాళ మూడుసార్లు. ఇంకా పద్నాలుగు నెలల పైనే పెద్దల్లుడు, ఆపైన చిన్నల్లుడు. మధ్యలో తగ్గించిన మోతాదు పడుతుందో లేదో చూడాలి, నెత్తురు చూడాలి, స్కాన్లు చూడాలి. అంతా చక్కబడిందని రాయడానికి ఇది నీలం పుస్తకం కాదు. ఇప్పుడు అదీ అలా లేదు.

సాయంత్రం మా ఆయన ఆలస్యంగా వచ్చారు. ఏదో ఆఫీసులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందట, లోపల ఒకావిడ చిక్కుకుపోయిందట. టీ తాగుతూ చెప్పారు.

"వెళ్ళగానే మొదట ఏం చేస్తారు? కరెంటు చూస్తారా?" అన్నాను.

"కాదు. మొదట తలుపు కొట్టి, 'నేను బయటే ఉన్నానమ్మా' అని చెప్తాం. బాగుచేయడం తర్వాత. అది వినేదాకా లోపలివాళ్ళకి ఊపిరాడదు."

పాతికేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కప్పు కింద పెట్టి, నా వంక చూడకుండా అడిగారు. "భయంగా ఉందా?"

నవ్వబోయాను. ఆయన నవ్వట్లేదు.

"ఉంది" అన్నాను. "రోజూ ఉంటుంది. పొద్దున మాత్ర వేసుకునేటప్పుడు ఎక్కువుంటుంది."

"నాకూ" అన్నారు. "నాకు సాయంత్రం మాత్రప్పుడు."

ఎనిమిదైంది. ఆయనే లేచి మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. మింగాను. తొమ్మిది కాకుండానే పొట్టలో పిలుపొచ్చింది. వెళ్ళి తలుపేసుకున్నాను. లోపల కూచున్నాక ఎందుకో అడగాలనిపించింది.

"ఏమండీ!"

"ఊఁ."

"బయటే ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నాను. కంగారేం లేదు, తీరిగ్గా రా."

కాసేపయ్యాక తలుపు మీద నెమ్మదిగా రెండుసార్లు కొట్టారు.

"మరీ అంత తీరిగ్గా వద్దు. నాకూ అర్జంటే."